ఉప్పుగాలికి అణువుల గొడుగు

ఇనుప గేటును ఇట్టే తినేసే సముద్రపు గాలి విమానాన్ని మాత్రం వదులుతుందా? వదలదు. తుప్పు పట్టదని మనమంతా నమ్మే అల్యూమినియాన్ని కూడా అది లోలోపల కొరికేస్తుంది. ఇన్నాళ్లూ దాన్ని అడ్డుకున్న మందు మనుషులకే విషమని తేలింది. అందుకే ఇప్పుడు శాస్త్రవేత్తలు టైర్లలో, మందుల్లో, ఆకుల్లో ఉండే చిన్న చిన్న కర్బన అణువుల వైపు చూస్తున్నారు.

మైపాడు, కోడూరు, తుమ్మలపెంట... నెల్లూరు తీరంలో ఏ ఊరికెళ్లినా ఒక దృశ్యం తప్పదు. కిటికీ ఊచలు ఎర్రగా పొరలు పొరలుగా లేస్తుంటాయి. సైకిలు గంట మోగడం మానేసి చాన్నాళ్లవుతుంది. తలుపు బందులు కిర్రుమంటాయి. ఊళ్లో ఏళ్ల తరబడి తిరిగే ఫ్యాను ఒడ్డుకొచ్చేసరికి త్వరగా మూలపడుతుంది. 'ఉప్పుగాలి కదా, అంతే మరి' అని సరిపెట్టుకుంటారు ఇక్కడివాళ్లు.

ఆ గాలిలో ఏముంది? కెరటం విరిగినప్పుడల్లా నురగలోని బుడగలు పగిలి, కంటికి కనిపించనంత సన్నని తుంపర గాల్లోకి లేస్తుంది. నీరు ఆవిరైనా అందులోని ఉప్పు రేణువులు గాలితోపాటు ఊళ్లోకొచ్చి దొరికిన ప్రతి వస్తువు మీదా వాలతాయి. ఉప్పు ఊరుకునే రకం కాదు. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని నీరుగారిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ తేమకే తడిసిపోతుంది. అంటే వాన పడకపోయినా, తీరంలోని లోహాల మీద దాదాపు ఎప్పుడూ ఒక పల్చని ఉప్పునీటి పొర ఉన్నట్టే. తుప్పుకి అంతకన్నా ఏం కావాలి!

తుప్పు వల్ల ప్రపంచం ఏటా నష్టపోతున్నది ఎంతో తెలుసా? అంతర్జాతీయ తుప్పు నిపుణుల సంస్థ 'నేస్' 2016లో వేసిన లెక్క ప్రకారం రెండున్నర లక్షల కోట్ల డాలర్లు. 2013నాటి ప్రపంచ స్థూల ఉత్పత్తిలో అది 3.4 శాతం.

నట్టు చేసిన నష్టం

ఇదే తీరంలో దక్షిణాన పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవి శ్రీహరికోట. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022లో జిల్లాలను విడదీశాక తిరుపతి జిల్లా. 1971 అక్టోబరులో ఇక్కడి నుంచి తొలి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. నాటి నుంచి నేటి వరకూ రాకెట్లన్నీ ఈ ఉప్పుగాలి మధ్యే సిద్ధమవుతున్నాయి. రాకెట్లను సముద్రం పక్కనే ఎందుకు పెట్టుకున్నట్టు? పొరపాటున కూలినా జనం మీద పడకుండా. ప్రపంచంలోని పెద్ద ప్రయోగ కేంద్రాలు చాలావరకూ తీరాల్లో ఉండటానికి కారణం అదే. ఆ భద్రతకి కట్టే మూల్యమే ఉప్పు. అమెరికాలోని కెనడీ అంతరిక్ష కేంద్రం వాళ్లయితే ఏ పూత ఎన్నాళ్లు నిలుస్తుందో చూసేందుకు 1960ల నుంచీ ఏకంగా సముద్రపుటొడ్డునే ఒక పరీక్షా స్థలం నడుపుతున్నారు.

ఉప్పుగాలి ఒక రాకెట్‌ను నిజంగానే కూల్చిన కథ ఒకటుంది. 2006 మార్చిలో పసిఫిక్ మహాసముద్రంలోని క్వాజలిన్ దీవుల్లో, ఎనిమిదెకరాల చిన్న దీవి ఓమెలెక్ నుంచి స్పేస్ఎక్స్ సంస్థ తన తొలి రాకెట్ ఫాల్కన్-1ను ప్రయోగించింది. ఇంధన గొట్టం దగ్గర లీకై మంటలు లేచాయి. అర నిమిషం దాటగానే ఇంజిన్ ఆగిపోయింది. రాకెట్ ఒడ్డునే సముద్రంలో కూలింది. అది మోసుకెళ్లాల్సిన చిన్న ఉపగ్రహం ఎగిరొచ్చి అదే దీవిలోని ఒక షెడ్డు కప్పును చీల్చుకుని లోపల పడింది!

మొదట్లో వేలు సిబ్బంది వైపే చూపింది. బిగించేటప్పుడు ఏదో తప్పు జరిగిందనుకున్నారు. తీరా విచారణలో తేలింది వేరు. ఇంధన గొట్టాన్ని పట్టి ఉంచే ఒక అల్యూమినియం నట్టు, దీవిలో ఉన్నన్నాళ్లూ ఉప్పుగాలికి లోపల్లోపల తుప్పుపట్టి చిట్లింది. పైకి చూస్తే తేడా తెలిసేది కాదు. ఆ తర్వాత స్పేస్ఎక్స్ అల్యూమినియం నట్ల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వాడింది. అరచేతిలో పట్టే నట్టు... రాకెట్‌నంతా ముంచింది.

కప్పు లేచిపోయిన విమానం

విమానాల విషయంలో పాఠం ఇంకా చేదుగా వచ్చింది. 1988 ఏప్రిల్ 28. హవాయి దీవుల్లో హైలో నుంచి హోనలూలుకి బయల్దేరిన అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం 24 వేల అడుగుల ఎత్తులో ఉంది. ఉన్నట్టుండి ముందు భాగంలో దాదాపు 18 అడుగుల మేర కప్పు ఊడి ఎగిరిపోయింది. సీట్ల మధ్య నడుస్తున్న ఎయిర్‌హోస్టెస్ ఒకామె గాలికి కొట్టుకుపోయింది. మిగతావాళ్లు సీటు బెల్టులతో, నెత్తిన ఆకాశంతో పదమూడు నిమిషాలు ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. పైలట్లు ఆ విమానాన్ని మావీ దీవిలో క్షేమంగా దించడం ఈనాటికీ ఒక అద్భుతంగానే చెప్పుకుంటారు. విమానంలో ఉన్నది 95 మంది. 65 మందికి గాయాలయ్యాయి. చనిపోయింది ఆమె ఒక్కరే.

ఏం జరిగింది? ఆ విమానం వయసు 19 ఏళ్లు. పక్కపక్క దీవుల మధ్య బస్సులా తిరుగుతూ 89,680 సార్లు ఎగిరి దిగింది. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి దాని ఒళ్లు బెలూన్‌లా కొంచెం ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది. రెండు అల్యూమినియం రేకులు ఒకదానిమీద ఒకటి కలిసే అతుకుల్లో వేసిన జిగురు తేమకీ ఉప్పుకీ వదిలేసింది. అతుకులో తుప్పు చేరింది. మోయాల్సిన బరువంతా రివెట్ల మీద పడింది. వాటి రంధ్రాల పక్కన సన్నని పగుళ్లు పుట్టి, ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. విమానం ఎక్కేటప్పుడే తలుపు దగ్గర ఒక పగులు కనిపించిందని, అయితే ఎవరికీ చెప్పలేదని ఒక ప్రయాణికురాలు తర్వాత చెప్పింది. ఈ ప్రమాదంతోనే వయసు మీరిన విమానాలను ఎలా పరీక్షించాలన్న దానిపై అమెరికాలో కొత్త పద్ధతులు వచ్చాయి.

బలమిచ్చిందే బలహీనత

ఇక్కడో సందేహం రావాలి. అల్యూమినియానికి తుప్పు పట్టదు కదా? వంటింట్లో అల్యూమినియం గిన్నెలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి కదా?

నిజమే. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తానే ఒక ఆక్సైడు పొరను కప్పుకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లు... అంటే వెంట్రుక మందంలో పదివేల వంతు కూడా ఉండదు. గీత పడినా వెంటనే మళ్లీ ఏర్పడుతుంది. శుద్ధ అల్యూమినియానికి అదే కవచం. కానీ శుద్ధ అల్యూమినియం మెత్తన. దాంతో విమానం కట్టలేరు.

1906లో జర్మనీ లోహశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అల్యూమినియంలో కాస్త రాగి, మెగ్నీషియం కలిపి, వేడిచేసి చల్లార్చి చూశాడు. అప్పటికప్పుడు పెద్ద తేడా లేదు. కొన్ని రోజులు పోయాక మళ్లీ పరీక్షిస్తే లోహం దానంతటదే గట్టిపడి ఉంది! అదే డ్యూరాల్యూమిన్. దాని వారసుడైన 2024 మిశ్రమం విమానాల ఒంటికి దశాబ్దాలుగా ప్రధాన లోహం. అందులో రాగి నాలుగు శాతానికి కాస్త అటూఇటూ ఉంటుంది. మన రాకెట్ల ఇంధన ట్యాంకులకు వాడే 2219 మిశ్రమంలో అయితే ఆరు శాతం దాకా.

ఆ రాగే బలం, ఆ రాగే తంటా. అది లోహమంతటా సమానంగా కలిసిపోదు. కొంత భాగం అక్కడక్కడా సూక్ష్మమైన రేణువులుగా పోగవుతుంది. ఆ రేణువుల మీద ఆక్సైడు కవచం సరిగా నిలవదు. పైన ఉప్పునీటి పొర చేరిందంటే ఒక్కో రేణువూ ఒక బుల్లి బ్యాటరీ అవుతుంది. రాగి రేణువు దగ్గర గాలిలోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఆ ఎలక్ట్రాన్లను సరఫరా చేస్తూ చుట్టుపక్కల అల్యూమినియం కరిగిపోతుంది. ఉప్పులోని క్లోరైడు ఆక్సైడు పొరను చీలుస్తూ దానికి సాయం పడుతుంది. ఫలితం... ఇనుములా పైపైన ఎర్రగా కాకుండా, సూదితో పొడిచినట్టు లోతుగా గుంటలు. పైన కాస్త తెల్లటి పొడి, కింద చీమల పుట్ట. చిన్న గుంట దగ్గరే పెద్ద పగులు మొదలవుతుంది.

మందే విషమైతే...

విమానాలు పుట్టిన తొలినాళ్లలోనే ఈ సంగతి తెలిసింది. నీటి మీద దిగే సీప్లేన్లను కాపాడుకోవడానికి 1923లో బ్రిటన్‌లో క్రోమిక్ ఆమ్లంతో ఆనోడైజింగ్ పద్ధతి కనిపెట్టారు. 1920ల చివర్లో బలమైన మిశ్రమం మీద పల్చని శుద్ధ అల్యూమినియం తొడిగే 'ఆల్‌క్లాడ్' రేకులు వచ్చాయి. ఆపైన ప్రైమర్, దానిపైన రంగు. ఈ మొత్తంలో అసలు కాపలాదారు మాత్రం ప్రైమర్‌లో ఉండే క్రోమేటు. పసుపుపచ్చ రంగు పొడి.

క్రోమేటు గొప్పతనమేమిటంటే, అది గోడలా నిలబడి ఊరుకోదు. పెయింటు మీద గీత పడి, అక్కడికి తేమ చేరగానే కొంచెం కరిగి, ఆ గాయం దగ్గరికి పాకి, లోహం మీద కొత్త పొర కట్టేస్తుంది. రాగి రేణువుల దగ్గర ఆక్సిజన్ ఆటలు సాగనివ్వదు. పుండు తనంతట తానే మానినట్టు. దశాబ్దాలుగా దానికి దీటైన మందు ఇంకొకటి దొరకలేదంటే అతిశయోక్తి కాదు.

కానీ అందులో ఉండేది ఆరు వేలన్సీల క్రోమియం. దాని ధూళిని ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. ఎవరు పీలుస్తారు? విమానంలో కూర్చునే ప్రయాణికులు కాదు. హ్యాంగర్‌లో పాత రంగు గీకేవాళ్లు, రివెట్లకు రంధ్రాలు వేసేవాళ్లు, ప్రైమర్ స్ప్రే చేసేవాళ్లు. 2006లో అమెరికా పని ప్రదేశాల్లో దీని పరిమితిని ఒక్కసారిగా పదో వంతుకు, అంటే ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములకు తగ్గించింది. ఐరోపాలో స్ట్రాన్షియం క్రోమేటును 2019 జనవరి తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా వాడకూడదు.

క్రోమియం నేలలో చేరితే ఏమవుతుందో చూడ్డానికి విదేశాలకు వెళ్లక్కర్లేదు. చిత్తూరు సరిహద్దు దాటగానే వచ్చే తమిళనాడులోని రాణిపేటలో, ఎప్పుడో 1990ల్లో మూతపడిన ఒక క్రోమేటు రసాయనాల ఫ్యాక్టరీ వెనక లక్ష టన్నులకు పైగా వ్యర్థాలు గుట్టగా మిగిలాయి. వానొచ్చినప్పుడల్లా పసుపు రంగు నీళ్లు, బావుల్లో వాడుకోవడానికి పనికిరాని నీరు... అక్కడివాళ్లు తరాలుగా అనుభవిస్తున్న కష్టమిది. విమానాన్ని కాపాడే మందు ఇలా మనుషుల మీద పడకూడదు కదా. అందుకే ప్రత్యామ్నాయం కోసం వెతుకులాట.

కలంకారీ చెప్పిన రసాయనం

ఆ వెతుకులాటలో ముందుకొచ్చినవే కర్బన అణువులు. 'ఆర్గానిక్' అనగానే ఎరువుల్లేని కూరగాయలు గుర్తొస్తాయి కానీ, రసాయన శాస్త్రంలో దాని అర్థం కార్బన్ చట్రంగా ఉన్న అణువులని. నూనె, చింతపండులోని పులుపు, గోరింటాకులోని ఎరుపు అన్నీ అవే.

లోహాన్ని ఇలాంటి అణువులు గట్టిగా పట్టుకుంటాయనడానికి ఉదాహరణ మన ఇళ్లలోనే ఉంది. తల నెరిసినవాళ్లు గోరింటాకు పొడిలో కరక్కాయ, టీ డికాక్షన్ కలిపి ఇనుప మూకుడులో రాత్రంతా నానబెడతారు. తెల్లారేసరికి నల్లబడుతుంది. కరక్కాయలో, టీలో ఉండే టానిన్లు ఇనుమును ఒడిసిపట్టడమే ఆ నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లని గీతల రహస్యమూ ఇంతే. గుడ్డను ముందు కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ నీళ్లతో గీత గీస్తారు. కలం తగిలిన చోటల్లా ఇనుమూ టానినూ కలిసి నలుపు తేలుతుంది. ఎన్ని నీళ్లలో ఉతికినా పోదు. కలంకారీ కళాకారుడు గుడ్డ మీద చేసే పనినే తుప్పు శాస్త్రవేత్త లోహం మీద చేయాలనుకుంటున్నాడు. తుప్పుపట్టిన ఇనుము మీద రాసే కొన్ని పూతల్లో ఇప్పటికే టానిన్లు వాడుతున్నారు. అవి ఎర్రటి తుప్పును నల్లటి గట్టి పొరగా మార్చేస్తాయి.

కొడవళ్లకీ గొడ్డళ్లకీ ఆముదం పట్టించి దాచే పాత అలవాటూ ఈ కోవలోదే. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల తల లోహాన్ని పట్టుకుంటుంది. పొడవాటి తోక నీటిని దూరంగా తోస్తుంది.

రాకెట్లకూ ఇలాంటి నూనె పూసిన రోజులున్నాయి. ఇవాళ సైకిలు షాపుల్లోనూ కనిపించే 'డబ్ల్యూడీ-40' స్ప్రే డబ్బా పుట్టింది అందుకే. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ అట్లాస్ క్షిపణుల ఒంటిని తుప్పు నుంచి కాపాడటానికి దాన్ని తయారుచేసింది. డబ్ల్యూడీ అంటే నీటిని నెట్టేసేది. 40 ఏమిటి? నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందట!

సీటు మీద తువ్వాలు

విమానాల కోసం పరిశోధకులు ఎక్కువగా చూస్తున్న అణువుల్లో సల్ఫర్, నైట్రోజన్ ఉంటాయి. మెర్కాప్టోబెంజోథయజోల్ అందులో ఒకటి. పేరు నోరు తిరగదు కానీ కొత్తదేం కాదు, రబ్బరు టైర్ల తయారీలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. ఇంకొకటి బెంజోట్రయజోల్. పురాతన కంచు విగ్రహాలకు కిలుం పట్టకుండా మ్యూజియంలవాళ్లు 1960ల నుంచి పూస్తున్నారు. మరొకటి 8-హైడ్రాక్సీక్వినొలీన్. ఇది క్రిమిసంహారిణి కూడా.

ఇవి ఎలా పనిచేస్తాయో తెలియాలంటే రద్దీగా ఉన్న ఆర్టీసీ బస్సును తలచుకుంటే చాలు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసేస్తారు. తర్వాత ఎవరొచ్చినా 'ఇక్కడ మనుషులున్నారు' అంటారు. సల్ఫర్, నైట్రోజన్ పరమాణువుల దగ్గర బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంటలుంటాయి. అవే వాటి చేతులు. ఆ చేతులతో రాగి రేణువును గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. ఆక్సిజన్ వచ్చి చూస్తే సీటు ఖాళీ లేదు! ఆక్సిజన్‌కు చోటు లేకపోతే బ్యాటరీ నడవదు. బ్యాటరీ నడవకపోతే అల్యూమినియం కరగదు. 8-హైడ్రాక్సీక్వినొలీన్ దారి కొంచెం వేరు. అది అల్యూమినియాన్నే పట్టుకుని, నీటిలో కరగని పొరగా అక్కడే పేరుకుంటుంది.

కర్బన అణువులు లక్షల్లో ఉన్నాయి. అన్నిటినీ ఒక్కొక్కటిగా ఉప్పునీళ్లలో పెట్టి చూడాలంటే జీవితాలు చాలవు. అందుకే కంప్యూటర్లను రంగంలోకి దించారు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్‌వో శాస్త్రవేత్తలు, వారి సహచరులు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. అణువు నిర్మాణాన్ని బట్టి అది 2024, 7075 అనే రెండు విమాన మిశ్రమాలను ఎంత బాగా కాపాడగలదో ముందే అంచనా వేసే పద్ధతి అది. కొన్ని అణువులను ప్రయోగశాలలో పరీక్షించి, ఆ ఫలితాలతో కంప్యూటర్‌కు నేర్పితే, చూడని అణువుల సంగతి అది చెబుతుందన్నమాట.

ఖాళీ సీసా ఇచ్చి నిండు సీసా

మంచి అణువు దొరికితే సరిపోతుందా? దాన్ని పెయింటులో నేరుగా కలిపేస్తే రెండు ఇబ్బందులు. ఒకటి, అది పెయింటు జిగురుతోనే కలిసిపోయి ఇద్దరూ పాడవచ్చు. రెండు, అవసరం లేకున్నా కొంచెం కొంచెం కరిగిపోయి, తీరా గీత పడే నాటికి ఖాళీ కావచ్చు. క్రోమేటులా దాక్కుని ఉండి, గాయమైనప్పుడే బయటికి రావాలి.

దానికోసం అణువులను బుల్లి డబ్బాల్లో పెడుతున్నారు. హాలోసైట్ అనే ఒకరకం బంకమట్టి సహజంగానే సూక్ష్మమైన గొట్టాల రూపంలో దొరుకుతుంది. మధ్యలో ఖాళీ. అందులో అణువులను నింపి మూత వేస్తారు. తుప్పు మొదలైన చోట నీటి క్షారత మారుతుంది కదా, ఆ మార్పుకే మూత తెరుచుకునేలా చేస్తారు. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ పరిశోధనా కేంద్రంలో అల్యూమినియం, మెగ్నీషియం మిశ్రమాల కోసం ఇలాంటి గొట్టాలు నింపిన, తమంతట తామే మానే పూతల మీద పనిచేశారు.

ఇంకో పద్ధతి మరీ తమాషాగా ఉంటుంది. పేక ముక్కల కట్టలా పొరలు పొరలుగా ఉండే కొన్ని ఖనిజాల మధ్య ఈ అణువులను దాచిపెడతారు. ఉప్పులోని క్లోరైడు అక్కడికి రాగానే ఆ పొరలు దాన్ని లోపలికి లాక్కుని, బదులుగా కాపలా అణువును బయటికి పంపుతాయి. ఖాళీ సీసా ఇచ్చి నిండు సోడా తీసుకున్నట్టు! దొంగ జైలుకి, పోలీసు వీధిలోకి.

పెయింటులో అభ్రకం రేకులు కలపడం కూడా పాత ఉపాయమే. గూడూరు, సైదాపురం గనుల నుంచి ఒకప్పుడు దేశదేశాలకూ వెళ్లిన అభ్రకమే ఇది. పల్చని రేకులు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకుంటే నీటిచుక్క నేరుగా లోహాన్ని చేరలేదు. చుట్టూ తిరిగి తిరిగి రావాల్సిందే.

ఇంకా ఎందుకు ఆలస్యం?

ఇన్ని ఉపాయాలున్నా క్రోమేటు ఇంకా పూర్తిగా పోలేదు. ఎందుకంటే విమానం అడిగేది మామూలు పని కాదు. కింద ఎండలో ఒళ్లు కాలేంత వేడి, పైకెళ్తే సున్నాకు 50 డిగ్రీలకు పైగా కింద చలి. ఆ రెండింటి మధ్యా రోజుకి ఎన్నోసార్లు తిరగాలి. ఇంధనానికీ హైడ్రాలిక్ నూనెకీ కరగకూడదు. ఏళ్ల తరబడి ఎవరూ చూడని మూలల్లో పనిచేయాలి. కొత్త ప్రైమర్ ఏదైనా ముందు పొగమంచులా ఉప్పునీరు చిమ్మే గదిలో ఏకధాటిగా 2000 గంటలు, అంటే 83 రోజులకు పైగా నిలవాలి. అందులో గెలిచినవీ అసలు సముద్రపు ఒడ్డున ఓడిపోవచ్చు. అందుకే కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ మండపం తీరంలో లోహపు ముక్కలను ఎండకీ ఉప్పుగాలికీ వదిలి ఏళ్ల తరబడి గమనిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కర్బన అణువైనంత మాత్రాన అది అమాయకురాలు కాదు. మెర్కాప్టోబెంజోథయజోల్ బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగమే చెబుతోంది. శీతల దేశాల్లో విమానాల మీద మంచు కరిగించే ద్రవాల్లో వాడిన బెంజోట్రయజోల్ విమానాశ్రయాల పక్కన భూగర్భ జలాల్లో బయటపడింది. త్వరగా విరిగిపోదు అది. ఒక విషాన్ని తీసి ఇంకో విషాన్ని పెట్టడం పరిష్కారం కాదు. అందుకే గోరింటాకు, వేప వంటి మొక్కల రసాల మీద కూడా ప్రయోగాలు జరుగుతున్నాయి. ప్రయోగశాలలో లోహపు ముక్కల మీద అవి బాగానే పనిచేస్తున్నాయి. అయితే విమానం దాకా రావడానికి చాలా దూరం ఉంది. ఒకే కషాయంలో పదుల కొద్దీ రసాయనాలుంటాయి, ఏ ఆకు ఎప్పుడు కోశారన్న దాన్నిబట్టి వాటి పాళ్లు మారిపోతాయి. విమానానికి మాత్రం ఏ డబ్బా తెరిచినా ఒకేలా ఉండాలి.

ఈలోగా అందరికన్నా నమ్మకమైన ఆయుధం ఏమిటో తెలుసా? మంచినీళ్లు! సముద్రం మీద తక్కువ ఎత్తులో తిరిగే నౌకాదళ విమానాలు దిగాక వాటిని మంచినీటితో కడుగుతారు. ఆ తర్వాత టార్చిలైటు పట్టుకుని అతుకూ అతుకూ చూసే మనిషి. విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా నిలిచిన టీయూ-142 విమానం సముద్రాల మీద దాదాపు మూడు దశాబ్దాలు కాపలా తిరిగింది. దాని రెక్కల కింద నిలబడి ఫొటోలు దిగే పిల్లలకు ఈసారి ఆ రివెట్ల వరసలను చూపించవచ్చు. ఒక్కో రివెట్ చుట్టూ ఉప్పుకీ మనిషికీ మధ్య రోజూ జరిగే పోరు గురించీ చెప్పవచ్చు.

గెలిచేది ఎవరంటే... ఉప్పుకి ఓపిక ఎక్కువ. సెలవు తీసుకోదు. కాబట్టి మనిషీ తీసుకోకూడదు. కాకపోతే ఆ కాపలా కాసే మనిషి ఊపిరితిత్తులు కూడా విమానమంత విలువైనవే. ఆ రెంటినీ కాపాడే అణువు కోసమే ఈ అన్వేషణంతా.

తీరంలో ఉంటే...

విమానాల సంగతి సరే, ఇంట్లో వస్తువుల మాటేమిటి? అదే శాస్త్రం ఇక్కడా పనికొస్తుంది.

* గేట్లు, కిటికీ ఊచలు, సైకిళ్లు, బైకులను వారానికోసారి మంచినీటితో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. తడిగుడ్డతో తుడిచి వదిలేస్తే ఉప్పు అక్కడే ఉండిపోయి తేమను పిలుస్తుంది.

* తుప్పు మీదే రంగు వేస్తే డబ్బు దండగ. గరుకు కాగితంతో పూర్తిగా గీకి, కడిగి, ఆరాక ప్రైమర్ వేసి, ఆ తర్వాతే పెయింటు వేయాలి.

* తలుపు బందులకు, తాళాలకు, కత్తెరలకు నెలకోసారి మిషన్ నూనె పట్టించాలి.

* అల్యూమినియం కిటికీలకు ఇత్తడి, రాగి మేకులు వాడకూడదు. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పుతేమ ఉంటే బ్యాటరీ తయారైనట్టే. తినేసేది అల్యూమినియాన్నే.

* పచ్చళ్లు, చింతపండు పులుసు అల్యూమినియం గిన్నెల్లో నిల్వ ఉంచకూడదు. ఉప్పూ పులుపూ కలిస్తే ఆ ఆక్సైడు కవచం నిలవదు. జాడీయే మేలు.

* పాత రంగు గీకేటప్పుడు ముక్కుకి గుడ్డ కాదు, సరైన మాస్కు పెట్టుకోవాలి. పాత పసుపు, ఆకుపచ్చ పెయింట్లలో క్రోమేటు, సీసం ఉండే అవకాశం ఎక్కువ.